ప్లస్ టూ తర్వాత వ్యాయామ శాస్త్రం, ఫిజియోథెరపీ, పీఈటీ చదువులు: ఒడిశా సరిహద్దు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, కోరాపుట్, మల్కన్‌గిరి. ఈ ఊళ్లలోని తెలుగు ఇళ్లలో ప్లస్ టూ పూర్తిచేసిన పిల్లలు ఆటలు, వ్యాయామం, ఆరోగ్యం కలిసిన చదువుల గురించి చాలామంది అడుగుతున్నారు. తల్లిదండ్రులకు దొరికే సమాచారం కొంత ఒడియాలో, కొంత ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఆంధ్రా వెబ్‌సైట్లలో ఉన్నదేమో ఆంధ్రా పిల్లలకు రాసింది. మన పిల్లల పరిస్థితి వేరు కాబట్టి ఇక్కడ విడిగా రాస్తున్నాం.

ఎక్సర్‌సైజ్ సైన్స్ అంటే ఏమిటి? డ్రిల్లు మాస్టారి చదువూ ఇదీ ఒకటేనా?

కాదు. డ్రిల్లు మాస్టారి చదువు పిల్లలకు ఆటలు, వ్యాయామం నేర్పడానికి. ఎక్సర్‌సైజ్ సైన్స్ అంటే శరీరం కదిలినప్పుడు లోపల ఏం జరుగుతుందో చదవడం. 400 మీటర్లు పరిగెత్తే పిల్లాడికి చివరి వంద మీటర్లలో కాళ్లు ఎందుకు బిగుసుకుపోతాయి? ఒకే శిక్షణ తీసుకున్న ఇద్దరిలో ఒకరే ఎందుకు ముందుకు వెళ్తారు? గుండెజబ్బు వచ్చి తగ్గిన మనిషి రోజుకు ఎంత నడవాలి, ఎంత వేగంగా నడవాలి? ఇలాంటి ప్రశ్నలకు కొలిచి జవాబు చెప్పే శాస్త్రం ఇది. అనాటమీ, ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ, బయోమెకానిక్స్, పోషణ, క్రీడా మనస్తత్వం, స్టాటిస్టిక్స్ ఇందులో ప్రధాన సబ్జెక్టులు. కండరాలు పనిచేసేటప్పుడు పుట్టే వేడి మీద పరిశోధనకు ఏ.వి. హిల్‌కు 1922 సంవత్సరపు నోబెల్ వచ్చింది. అంటే వందేళ్లకు పైబడిన శాస్త్రమే. మన దేశంలో మాత్రం దీన్ని డిగ్రీగా చెప్పే కాలేజీలు ఇప్పటికీ తక్కువ.

ఇన్ని పేర్లు ఉన్నాయి. ఏ డిగ్రీ తీసుకోవాలో ఎలా తేల్చుకోవాలి?

డిగ్రీ పేరు పక్కన పెట్టి, ఆ కాగితం చేతికొచ్చాక చట్టం ఏ పని చేయనిస్తుందో ముందు చూడండి. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే దీన్నే చదవండి.

రోగికి చికిత్స చేయాలనుకుంటే బీపీటీ, అంటే ఫిజియోథెరపీ. పక్షవాతం వచ్చినవాళ్లకు, పుట్టుకతో ఎదుగుదల సమస్యలున్న పిల్లలకు స్నానం, భోజనం, రాత లాంటి రోజువారీ పనులు మళ్లీ చేతనయ్యేలా చేయాలంటే బీఓటీ, అంటే ఆక్యుపేషనల్ థెరపీ. కృత్రిమ కాళ్లు, చేతులు, కాలిపర్లు తయారుచేసి అమర్చాలంటే బీపీఓ, అంటే ప్రోస్తటిక్స్ అండ్ ఆర్థోటిక్స్. బడిలో పీఈటీ, అంటే డ్రిల్లు మాస్టారు కావాలంటే డిగ్రీ చేసి, ఆపైన వ్యాయామ విద్యలో డిగ్రీ అయిన బీపీఈడీ. కోచ్ కావాలంటే స్పోర్ట్స్ కోచింగ్ డిగ్రీ, లేదా పాటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ ఇచ్చే కోచింగ్ డిప్లొమా. ల్యాబ్‌లో ఆటగాళ్లను పరీక్షించి శిక్షణ ప్రణాళిక వేయాలంటే స్పోర్ట్స్ సైన్స్‌లో బీఎస్సీ, దాని తర్వాత తప్పనిసరిగా ఎమ్మెస్సీ. తప్పనిసరి అని ఎందుకు అంటున్నామంటే, ఈ దారిలో బీఎస్సీతో ఆగినవాళ్లకు మంచి ఉద్యోగం దొరకడం కష్టం.

పిల్లలను ఏ సబ్జెక్ట్ ఇష్టమని అడగకండి. రోజంతా ఎవరి మధ్య పనిచేయడం ఇష్టమని అడగండి. రోగుల మధ్యా, బడి పిల్లల మధ్యా, ఆటగాళ్ల మధ్యా? జవాబు తొందరగా వస్తుంది.

బీఎస్సీ స్పోర్ట్స్ సైన్స్ చేసి ఫిజియో క్లినిక్ పెట్టుకోవచ్చా?

పెట్టకూడదు. ఫిజియోథెరపిస్టుగా పనిచేయాలంటే ఫిజియోథెరపీ డిగ్రీ, రిజిస్ట్రేషన్ ఉండాలి. కొన్ని కాలేజీలు బ్రోషర్‌లో "రీహాబ్" అన్న మాట వేసి రెండూ ఒకటే అనిపించేలా రాస్తాయి. ఆ మాట చూసి సీటు తీసుకోకండి.

బీపీటీ ఎన్నేళ్లు? నాలుగున్నరా, అయిదా?

ఇప్పటిదాకా నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్. 2021లో పార్లమెంటు అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. ఆ కమిషన్ కింద 2025లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక ప్రకారం ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదేళ్లు. మీరు చేరే కాలేజీ ఏ ప్రణాళిక నడుపుతోందో ప్రాస్పెక్టస్‌లో చూసుకోండి. దాన్నిబట్టి హాస్టల్ ఖర్చు కూడా ఆరు నెలలు పెరుగుతుంది.

ప్లస్ టూలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి. ప్రవేశాలను నీట్‌తో ముడిపెట్టే దిశగా కమిషన్ నడుస్తోంది. ఎంబీబీఎస్ ఆలోచన లేకపోయినా బీపీటీ, బీఓటీ కావాలనుకునే పిల్లలు నీట్ రాయడం మంచిది. నీట్ రాయనందుకే ఒక సంవత్సరం పోగొట్టుకోవడం అన్యాయం.

ఒడిశాలో మంచి చోటు ఏది?

మా మొదటి సలహా కటక్ జిల్లా ఓలత్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస శిక్షణ పరిశోధన సంస్థ. జనం స్వినిర్తార్ అంటారు. కేంద్ర ప్రభుత్వ దివ్యాంగుల సాధికారత శాఖ కింద నడుస్తుంది. బీపీటీ, బీఓటీ, బీపీఓ మూడూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి, పక్కనే ఆస్పత్రి. రోగులను చూస్తూ నేర్చుకునే వీలు అక్కడ ఉన్నంతగా చాలా ప్రైవేటు కాలేజీల్లో ఉండదు. ప్రవేశం అఖిల భారత పద్ధతిలో జరుగుతుంది. కోల్‌కతా, చెన్నై, ఢిల్లీల్లోని సోదర సంస్థలకూ ఇంతకాలం కలిపే పరీక్ష పెట్టారు. తెలుగువాడా, ఒడియావాడా అన్న లెక్క అక్కడ అడ్డురాదు. బీపీఓ గురించి మన ఇళ్లలో ఎవరికీ తెలియదు. అది పునరావాస మండలి గుర్తింపు ఉన్న కోర్సు. చేతిపని మీద ఆసక్తి, శరీర నిర్మాణం మీద కుతూహలం రెండూ ఉన్న పిల్లలకు చాలా బాగుంటుంది.

భువనేశ్వర్‌లో అభినవ్ బింద్రా పేరున్న క్రీడావైద్య సంస్థలో బీపీటీ, దాని పైచదువు ఎంపీటీ ఉన్నాయి. కళింగ స్టేడియం అదే నగరంలో ఉంది కాబట్టి ఆటగాళ్లకు చికిత్స చేయాలన్న ఆసక్తి ఉన్నవాళ్లు దీన్ని పరిశీలించవచ్చు. పర్లాకిమిడి వాళ్లకు ఇంటిదగ్గరే సెంచూరియన్ యూనివర్సిటీలో ల్యాబ్ టెక్నాలజీ, రేడియాలజీ లాంటి అనుబంధ ఆరోగ్య కోర్సులు ఉన్నాయి. అవి వ్యాయామ శాస్త్రం కాదు. ఆస్పత్రి ఉద్యోగానికి వేరే దారి.

మేం తెలుగువాళ్లమే కదా, ఆంధ్రాలో సీటు సులువుగా వస్తుందా?

అందరూ అడిగేది ఇదే, ఎక్కువమంది నష్టపోయేదీ ఇక్కడే. మాట్లాడే భాషను బట్టి సీటు ఇవ్వరు. ఎక్కడ చదివారు, ఎక్కడ ఉంటున్నారు అన్నదే చూస్తారు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 85 శాతం సీట్లు లోకల్ అభ్యర్థులవి. లోకల్ కావాలంటే మామూలుగా అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లూ వరుసగా అక్కడే చదివి ఉండాలి. పర్లాకిమిడి నుంచి పాతపట్నం సైకిల్ మీద వెళ్లిరాగలం. అయినా ఇంటర్ రెండేళ్లు అటువైపు చదివినంత మాత్రాన లోకల్ అయిపోరు.

మిగిలిన 15 శాతం అన్‌రిజర్వ్‌డ్. దానికీ షరతులున్నాయి. తల్లి లేదా తండ్రి ఆంధ్రాలో మొత్తం పదేళ్లు నివసించినట్టు ధ్రువపత్రం ఉంటే పిల్లలు ఈ కోటాలో పోటీ పడవచ్చు. పెళ్లికి ముందు సోంపేటలోనో, ఇచ్ఛాపురంలోనో పెరిగిన అమ్మలు మన ఇళ్లలో ఎంతోమంది. ఆ పదేళ్లకు ధ్రువపత్రం తెచ్చుకోవడం కష్టమేమీ కాదు, తహసీల్దారు ఆఫీసులో అడగాలి. చాలామందికి ఈ సంగతే తెలియక దరఖాస్తు కూడా పెట్టరు. అమ్మ చదివిన బడి సర్టిఫికెట్లు, తాతగారి రేషన్ కార్డు ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

తెలంగాణ సంగతి వేరు. రాష్ట్ర విభజన జరిగి 2024 జూన్ 2కి పదేళ్లు నిండాయి. రెండు రాష్ట్రాలకు ఉమ్మడి ప్రవేశాల గడువు అప్పటితో ముగిసింది. హైదరాబాద్‌లో మేనమామ ఉన్నంత మాత్రాన అక్కడి కన్వీనర్ కోటా, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటు రాదు. డీమ్డ్ యూనివర్సిటీలకు ఈ లోకల్ నిబంధన వర్తించదు, అక్కడ ఫీజు ఎక్కువ.

ఇంకొకటి. కులాల జాబితా రాష్ట్రానికో రకంగా ఉంటుంది. ఆంధ్రాలో బీసీ అయిన కులం ఒడిశా వెనుకబడిన తరగతుల (ఎస్ఈబీసీ) జాబితాలో ఉండకపోవచ్చు. చుట్టాలకు ఉంది కాబట్టి మనకూ ఉంటుందని అనుకోకండి. మీ తహసీల్‌లో జాబితా చూసి, రెసిడెన్స్ సర్టిఫికెట్, కుల ధ్రువపత్రం రెండూ ప్లస్ టూ మొదటి ఏడాదిలోనే తీసుకోండి. ఫలితాలు వచ్చాక పరిగెడితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

మా వాడు ఆర్ట్స్ చదివాడు. ఈ రంగంలో చోటు ఉందా?

ఉంది. ఫిజియో, బీఓటీ మాత్రం కుదరవు. మణిపూర్‌లోని జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం 2018 చట్టంతో ఏర్పడింది. అక్కడ వ్యాయామ విద్య, క్రీడల మూడేళ్ల డిగ్రీ బీపీఈఎస్, నాలుగేళ్ల స్పోర్ట్స్ కోచింగ్ బీఎస్సీ ఉన్నాయి. 1957లో మొదలైన గ్వాలియర్ లక్ష్మీబాయి జాతీయ వ్యాయామ విద్యా సంస్థలో ప్లస్ టూ తర్వాత నేరుగా చేరే నాలుగేళ్ల బీపీఈడీ ఉంది. రెండిట్లోనూ ఆటలో నైపుణ్యం పరీక్షిస్తారు. జిల్లా స్థాయిలో ఆడిన సర్టిఫికెట్ ఉంటే పారేయకండి.

పీఈటీ కావాలంటే ఏం చేయాలి? పరుగు పరీక్ష కష్టమా?

మామూలు దారి ఏదైనా డిగ్రీ, ఆపైన రెండేళ్ల బీపీఈడీ. కాలేజీకి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి గుర్తింపు ఉండాలి. ఒడిశాలో భువనేశ్వర్‌లో ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాల ఉంది. ఆంధ్రాలో బీపీఈడీ ప్రవేశపరీక్ష పీఈసెట్‌కు వెళ్లాలి. అందులో రాతపరీక్ష ఉండదు, మైదానమే. వంద మీటర్ల పరుగు, మగపిల్లలకు 800 మీటర్లు, ఆడపిల్లలకు 400 మీటర్లు, గుండు విసరడం, లాంగ్ జంప్ లేదా హై జంప్, ఆ తర్వాత మీరు ఎంచుకున్న ఆటలో నైపుణ్యం. ఫారం నింపాకే ప్రాక్టీసు మొదలుపెడితే మోకాళ్లు పట్టేస్తాయి. కనీసం ఆరు నెలల ముందు నుంచి, వారానికి నాలుగు రోజులు, మెల్లగా పెంచుకుంటూ పోవాలి. గుండు విసరడం దగ్గర చాలామంది మార్కులు పోగొట్టుకుంటారు. బలం ఉంటుంది, పద్ధతి తెలియదు.

ఒడియా సరిగా రాదు. ఇబ్బందా?

చదువుకు ఇబ్బంది లేదు. ఈ కోర్సులన్నీ ఇంగ్లిష్‌లోనే. మొదటి ఏడాది అనాటమీ పేర్లు అందరికీ కొత్తే, ఇంగ్లిష్ మీడియం పిల్లలకు కూడా. ఉద్యోగానికి మాత్రం ఇబ్బంది ఉంది. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు సాధారణంగా కనీసం ఏడో తరగతి స్థాయిలో ఒడియా ఒక భాషగా పాసై ఉండాలి. తెలుగు మీడియంలోనో, వేరే రాష్ట్ర బోర్డులోనో చదివినవాళ్లకు ఒడిశా బోర్డు పెట్టే ఎంఈ స్థాయి (అంటే ఏడో తరగతి స్థాయి) ఒడియా పరీక్ష ఒకటి ఉంది. అది డిగ్రీ చదువుతుండగానే రాసేయండి. ఉద్యోగ ప్రకటన వచ్చాక ఆ పరీక్షకు సమయం ఉండదు.

రోగి దగ్గర కూర్చున్నప్పుడు మన రెండు భాషలు ఎంత ఉపయోగమో ఇక్కడే చెప్పాలి. రాయగడ, గుణుపురం వైపు తెలుగు, ఒడియాతోపాటు కువి, సవర మాట్లాడేవాళ్లు వస్తారు. నొప్పి ఎక్కడ, ఎలా ఉందో వాళ్ల మాటల్లోనే వినగలిగితే సగం పరీక్ష అయిపోయినట్టే. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకుని, వాళ్ల పిల్లలకు చదువు చెప్పే ఏర్పాటు చేశారు. అదే ఊరి పిల్లలు వైద్యం కోసం ఆ భాష నేర్చుకుంటే ఎంత బాగుంటుంది!

చదివి వచ్చాక మన ప్రాంతంలో పని ఉంటుందా?

ఉంటుంది. గంజాం తీరంలో తెలుగు మాట్లాడే నోలియా మత్స్యకారులు ఉన్నారు. వల లాగి లాగి నడుము, భుజం పట్టేసినవాళ్లు ఆ పేటల్లో ఇంటింటా కనిపిస్తారు. సూరత్ మగ్గాల దగ్గర ఏళ్లతరబడి నిలబడి పనిచేసి గంజాంకు తిరిగొచ్చిన మగవాళ్ల మోకాళ్లు, నడుములు చూడండి. వీళ్లందరూ నొప్పి బిళ్లలతో కాలక్షేపం చేస్తున్నారు. ఏ కండరం బలపడితే ఆ నొప్పి తగ్గుతుందో చెప్పే మనిషి లేక.

కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి జిల్లాల్లో సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వారసత్వ జబ్బు, సమస్యగా ఉంది. దీని నిర్మూలన కోసం కేంద్రం 2023 జూలై 1న జాతీయ మిషన్ ప్రారంభించింది. ఒక్క జన్యువే ఉన్నవాళ్లు, అంటే ట్రెయిట్ ఉన్నవాళ్లు మామూలుగా ఆడవచ్చు. కానీ ఎండలో, నీళ్లు తాగకుండా, విరామం లేకుండా పరుగుల మీద పరుగులు పెట్టిస్తే వాళ్లకు ప్రమాదం. జబ్బే ఉన్న పిల్లలకైతే డాక్టర్ చెప్పిన మేరకే వ్యాయామం. ఈ సంగతి తెలిసిన పీఈటీ ఒక గిరిజన ఆశ్రమ పాఠశాలలో ఉంటే ఒక ప్రాణం నిలవొచ్చు. ఈ శాస్త్రం మన జిల్లాలకు అవసరమని గట్టిగా అనేది ఇందుకే.

జీతం సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. చిన్న ఊళ్లలో కొత్త ఫిజియోకి మొదటి రెండు, మూడేళ్లు తక్కువే వస్తుంది. ఆస్పత్రిలో పనిచేస్తూ సాయంత్రం ఇళ్లకు వెళ్లి రోగులను చూస్తూ పేరు తెచ్చుకున్నవాళ్లు నిలబడతారు.

బరంపురంలో జిమ్ పెట్టాలని మా తమ్ముడి కోరిక. డిగ్రీ అవసరమా?

జిమ్ పెట్టడానికి డిగ్రీ అక్కర్లేదు. మనుషుల శరీరాలతో పనిచేయడానికి జ్ఞానం కావాలి. బరంపురానికి బరువులెత్తే సంప్రదాయం ఉంది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన కాటులు రవికుమార్ ఆ ఊరివాడే. ఇటు శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో కాంస్యం తెచ్చింది. ఈ గాలి పీల్చి పెరిగిన పిల్లలకు ఉత్సాహం ఎవరూ నేర్పక్కర్లేదు. డిగ్రీ చేస్తూ పక్కన ట్రైనర్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. అమెరికా సంస్థ ఎన్ఎస్‌సీఏ శిక్షకులకు ఇచ్చే సీఎస్‌సీఎస్ సర్టిఫికెట్ లాంటి వాటికి మాత్రం డిగ్రీ ఉండాలి.

తమ్ముడికి ఒక మాట తప్పక చెప్పండి. జిమ్‌లో పొడులు, ఇంజెక్షన్లు అమ్మమని అడిగేవాళ్లు వస్తారు. స్టెరాయిడ్లు గుండెను, కాలేయాన్ని, సంతాన సామర్థ్యాన్ని పాడుచేస్తాయి. పోటీల్లో ఆడే పిల్లలైతే డోపింగ్ పరీక్షలో దొరికి ఏళ్లతరబడి నిషేధంలో ఉంటారు. దాన్ని ఆదాయంగా చూడకూడదు.

ఆడపిల్లను ఈ చదువుకు పంపవచ్చా?

తప్పకుండా. నడుము నొప్పి, కాన్పు తర్వాత కండరాల బలహీనత, మూత్రం ఆపుకోలేకపోవడం, వీటి గురించి మన ఆడవాళ్లు మగ ఫిజియో ముందు నోరు విప్పరు. ఏళ్లకేళ్లు ఓర్చుకుంటారు. ఊళ్లో ఒక ఆడ ఫిజియో ఉంటే వాళ్లందరికీ దారి దొరుకుతుంది. హాస్టల్ గురించి భయం ఉంటే చేరే ముందు తల్లీకూతుళ్లు వెళ్లి ఒక పూట ఉండి చూసి రండి.

ఆహారం, పోషణ వైపు వెళ్లాలంటే?

న్యూట్రిషన్‌లో బీఎస్సీ చేసి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో స్పోర్ట్స్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీకి ప్రయత్నించవచ్చు. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చిన సంస్థ అది.

దూరవిద్యలో చేయవచ్చా? ఒకాయన ఇంటికి వచ్చి చెప్పారు.

వద్దు. 2021 చట్టం కిందికి వచ్చే ఆరోగ్య కోర్సులను దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నడపకూడదని యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2025లో స్పష్టంగా చెప్పింది. పోషణ, మనస్తత్వ శాస్త్రం కూడా అందులో ఉన్నాయి. చేతితో పట్టి చూడకుండా మోకాలు ఎవరికి అర్థమవుతుంది? ఇంటికి వచ్చి సీటు అమ్మేవాళ్లను మూడు అడగండి: యూనివర్సిటీ పేరు యూజీసీ జాబితాలో ఉందా, కోర్సుకు ఏ మండలి గుర్తింపు ఉంది, రోగులను చూసే ఆస్పత్రి ఏది. మూడో దానికి జవాబు తడబడితే డబ్బు కట్టకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏజెంటు చేతికి అసలే ఇవ్వకండి.

అమెరికాలో ఈ చదువుకు విలువ ఉందట కదా?

అక్కడ ఎక్సర్‌సైజ్ సైన్స్, కినీసియాలజీ బాగా నడిచే డిగ్రీలు. అది చేసి, ఆపైన సాధారణంగా మూడేళ్ల డీపీటీ, అంటే ఫిజియోథెరపీ డాక్టరేట్ చదివి ఫిజియోలు అవుతారు. ఇక్కడ బీపీటీ చేసి వెళ్లేవాళ్లు చదువును మూల్యాంకనం చేయించుకుని, లైసెన్సు పరీక్ష రాయాలి. ఇక్కడి సిలబస్, క్లినికల్ గంటల వివరాలు అప్పుడు అడుగుతారు. కాలేజీ వదిలే రోజే అవన్నీ ముద్రలతో తీసుకుని దాచుకోండి.

డబ్బు లేదు. ఏం చేయాలి?

ముందు ప్రభుత్వ సంస్థల్లో ప్రయత్నించండి, తేడా చాలా ఉంటుంది. ఒడిశా రాష్ట్ర స్కాలర్‌షిప్ పోర్టల్, జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్ రెండింట్లోనూ ఏటా దరఖాస్తు పెట్టాలి. మొదటి ఏడాది వస్తే మిగతా ఏళ్లు దానంతటదే రాదు, రెన్యూవల్ చేయించాలి. బ్యాంకు ఖాతా పిల్లల పేరు మీదే ఉండాలి, ఆధార్‌తో కలిసి ఉండాలి. పేరు ఒడియా స్పెల్లింగ్‌లో ఒకలా, తెలుగు స్పెల్లింగ్‌లో ఒకలా ఉంటే డబ్బు ఆగిపోతుంది. మన పిల్లల్లో ఇంటిపేరు ఒక సర్టిఫికెట్‌లో ముందు, ఇంకొకదాంట్లో వెనక ఉండడం మామూలే. పదో తరగతి మెమోలో ఎలా ఉందో మిగతావన్నీ అలాగే మార్పించండి.

నీట్‌లో ర్యాంకు రాక ఫిజియోకి వస్తే చుట్టాలు చిన్నచూపు చూస్తారేమో?

కొందరు చూస్తారు. వాళ్ల ఇంట్లో ఎవరికైనా పక్షవాతం వస్తే మొదటి వారం డాక్టర్ కావాలి, ఆ తర్వాత ఏడాది పొడవునా ఫిజియో కావాలి. ఆ పని తెలిసి చేరే పిల్లలే ఇందులో నిలుస్తారు. ర్యాంకు రాలేదన్న దిగులుతో చేరితే రెండో ఏడాదికి మానేయాలనిపిస్తుంది. అందుకే ఫీజు కట్టే ముందు బరంపురం ఎంకేసీజీలోనో, కోరాపుట్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీలోనో ఫిజియోథెరపీ విభాగం బయట ఒక పూట కూర్చోమనండి. అనుమతి దొరికితే లోపల కూడా చూడమనండి. ఇష్టం కలిగితే దరఖాస్తు పెట్టండి. కలగకపోతే పైన చెప్పిన వాటిలో ఇంకో దారి చూడండి.